నీడ పెరటికి నర్సరీ వాళ్ల ప్యాకేజీ: ఐదుకి మూడు

ఐదుకి మూడు. ఆ మూడూ మొక్కల నాణ్యతకి, వాటిని తెచ్చి సర్దిన కుర్రాడికి. మిగతా రెండూ ఎందుకు కోశానో కాస్త వివరంగానే రాస్తాను, ఎందుకంటే బెజవాడలో ఇప్పుడు చాలా ఇళ్ల పరిస్థితి మాలాగే ఉంది. సత్యనారాయణపురంలో ఒక్క అంతస్తు డాబా, ఇంటికి ఉత్తరం వైపు సన్నటి పెరడు, తూర్పున ఒక అపార్ట్‌మెంటు, పడమర ఇంకో అపార్ట్‌మెంటు. బట్టలు ఆరవు, వడియాలు ఎండవు. మేడ మీద పెంచుకోవచ్చు కదా అంటారు గానీ, రోహిణి కార్తెలో మా మేడ మీద చెప్పులు లేకుండా నిలబడలేం. పైగా పెరటి పని మా అత్తయ్యగారిది, ఆవిడ బకెట్ పట్టుకుని మెట్లు ఎక్కలేరు. అందుకే "నీడలో పెరిగే కూర మొక్కలు, ఇంటికే వచ్చి సర్ది వెళ్తాం" అనే బోర్డు చూడగానే ఆగాం.

నర్సరీ పేరు రాయడం లేదు. ఊరి శివార్లలో పెద్ద రోడ్డు పక్కనే ఉంటుంది, అంతవరకు చాలు. ఇంకో రెండు చోట్ల అడిగినా ఇంచుమించు ఇవే మాటలు విన్నాను కాబట్టి, ఇది ఒక్క షాపు మీద ఫిర్యాదుగా కాకుండా ఇలాంటి ప్యాకేజీ ఎక్కడ తీసుకున్నా ఏం అడగాలి అన్నట్టు చదవండి.

ప్యాకేజీలో ఏముంటుందంటే, ముందు ఒక సూపర్‌వైజర్ వచ్చి స్థలం చూస్తాడు. తర్వాత కుండీలు, గ్రో బ్యాగులు, కలిపిన మట్టి, మొక్కలు ట్రాలీ ఆటోలో తెచ్చి సర్దుతారు. పైన గ్రీన్ నెట్ కడతారు, నీళ్లకి డ్రిప్ పైపు, దానికో టైమరు. మూడు నెలల్లోపు చచ్చిపోయిన మొక్కకి బదులు మొక్క ఇస్తారు. అన్నీ కలిపి మాకు పది వేలు దాటింది. మొక్కల వాటా అందులో చాలా తక్కువ, ఎక్కువ డబ్బు కుండీలకి, నెట్‌కి, టైమరుకి పోయింది. ఆ మూడింటిలో నిజంగా అవసరమైనవి కుండీలే.

అసలు లోపం స్థలం చూడ్డంలోనే ఉంది. సూపర్‌వైజర్ డిసెంబరులో ఒక పొద్దున వచ్చాడు, పెరట్లో అటు చివర నుంచి ఇటు చివరకి నడిచాడు, "ఫుల్ షేడ్ మేడం, నో ప్రాబ్లమ్" అన్నాడు, ఫోన్లో రెండు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాడు. ఉత్తరం ఏ వైపో కూడా అడగలేదు. అదే అడిగి ఉంటే ప్యాకేజీ మొత్తం వేరేగా ఉండేది.

మన ఊరు భూమధ్యరేఖకి ఉత్తరంగా పదహారున్నర డిగ్రీల దగ్గర ఉంది. దానివల్ల డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణం వైపు బాగా వాలి, సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 12 అడుగుల డాబా ఉంటే దాని నీడ ఉత్తరం వైపు దాదాపు 10 అడుగులు పడుతుంది, అంటే మా పెరడు మొత్తం. చలికాలం అంతా నేరుగా ఒక్క కిరణం పడదు. అదే మే మొదటి వారం వచ్చేసరికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం పూట కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. ఇంటి నీడ అప్పుడు దక్షిణానికి, వీధి వైపుకి పోతుంది. తూర్పు పడమరల అపార్ట్‌మెంట్లు పొద్దుటి ఎండనీ సాయంత్రం ఎండనీ ఆపేస్తాయి, మధ్యలో పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఉండే మాడు ఎండ మాత్రం తిన్నగా పెరట్లో దిగుతుంది. అంటే ఎండ కావాల్సిన చలికాలంలో మాకు చీకటి, నీడ కావాల్సిన మే నెలలో నిప్పులు. దీన్ని ఫుల్ షేడ్ అనరు. బెజవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు, ఆ రెండు గంటలు చాలు లేత పుదీనా అంచులు నల్లబడిపోడానికి.

దక్షిణం వైపు పెరడు ఉన్నవాళ్ల సంగతి వేరు, చలికాలం ఎండ బాగా వస్తుంది. కాబట్టి మా ఇంట్లో పెరిగింది మీ ఇంట్లో పెరుగుతుందని నేను చెప్పలేను, ఏ నర్సరీ వాళ్లూ చూడకుండా చెప్పలేరు. కనీసం వెలుగు ఎంతుందో కొలవమనండి. దానికి ఫోన్లో ఉచితంగా దొరికే లక్స్ మీటర్ యాప్ చాలు, అంత కచ్చితంగా ఉండదు గానీ తేడా తెలుస్తుంది. ఆరుబయట ఎండలో లక్ష లక్స్ దాకా ఉంటుంది, ఆకాశం కనిపించే నీడలో పది వేల దగ్గర, రెండు గోడల మధ్య సందులో వెయ్యి రెండు వేలు. యాప్ కూడా వద్దనుకుంటే మధ్యాహ్నం తెల్ల కాగితం మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి నీడ మసకగానైనా కనిపిస్తే ఆకుకూరలు వస్తాయి, నీడే పడకపోతే మనీ ప్లాంట్ పెట్టుకుని ఊరుకోవాలి.

ఇక మొక్కలు. సూపర్‌వైజర్ ఇచ్చిన లిస్టులో టమాటా, వంగ, మిర్చి కూడా ఉన్నాయి. "నీడలో కాయలు కాస్తాయా" అని అడిగితే "ఇవి హైబ్రిడ్ మేడం, ఎక్కడైనా కాస్తాయి" అన్నాడు. గుంటూరు మిర్చి యార్డుకి కూతవేటు దూరంలో పుట్టి పెరిగిన మా ఆయన ఆ మాటకి నవ్వాపుకోలేకపోయారు. మిర్చికి, టమాటాకి రోజుకి ఆరు గంటల ఎండైనా కావాలి. నీడలో పెడితే చచ్చిపోవు, అక్కడే వచ్చింది చిక్కు. వెలుగు కోసం సన్నగా పొడుగ్గా సాగుతాయి, పూత వస్తుంది, నిలవకుండా రాలిపోతుంది, ఆకులకి ముడత పట్టుకుంటుంది. మూడు నెలల గ్యారంటీలో ఇవి రావు, ఎందుకంటే మొక్క బతికే ఉంటుంది కదా! గోంగూర, బెండ, మునగ కూడా ఇదే దారి. వద్దని గట్టిగా చెప్పి తీయించాం గానీ వంగ మొక్కలు రెండు ఎలాగో వచ్చేశాయి. ఆకులు విస్తళ్లంత, కాయ మాత్రం ఒక్కటీ లేదు.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే, కాయ కాయడానికి మొక్కకి ఎక్కువ వెలుగు ఖర్చవుతుంది, ఆకు వేయడానికి అంత అక్కర్లేదు, దుంప మధ్యలో ఉంటుంది. నీడ పెరట్లో ఆకు, దుంప, తీగ, ఈ మూడే అడగండి.

తమలపాకు తీగ ఈ ప్యాకేజీలో అన్నిటికన్నా మంచి కొనుగోలు. పొన్నూరు వైపు తమలపాకు తోటలు చూసినవాళ్లకి తెలుసు, తీగలకి నీడ కోసం, పాకడానికి అవిసె చెట్లు వేస్తారు. నీడ, తేమ, వడగాలి తగలకపోవడం దానికి కావాలి, ఆ మూడూ మా పెరట్లో ఉన్నాయి. వేళ్లు పట్టిన తీగ ముక్క ఇచ్చారు, నాలుగైదు ఆకులతో. చలికాలం అంతా కదల్లేదు, వానలు పడ్డాక గోడ పట్టుకుని పాకింది. ఇప్పుడు శుక్రవారం తాంబూలానికి, వ్రతాలకి ఆకులు కొనే పని లేదు, పక్కింటివాళ్లు కూడా వచ్చి కోసుకుపోతున్నారు. ఒక్క జాగ్రత్త, వానాకాలం మొదట్లో నీళ్లు నిలిస్తే మొదలు కుళ్లి ఒకేసారి తీగ మొత్తం వాలిపోతుంది. కుండీ కింద ప్లేటు పెట్టొద్దు.

పుదీనా కుండీ 60 రూపాయలు వేశారు. పెరిగింది, కాదనను. కానీ రైతు బజార్లో పది రూపాయల కట్ట కొని, ఆకులు పచ్చడికి తుంచుకుని, కాడలు గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి. దానికి లోతు కుండీ అక్కర్లేదు, వెడల్పు కావాలి, పగిలిన ప్లాస్టిక్ టబ్బు దివ్యంగా సరిపోతుంది. పొన్నగంటి కూర కూడా అంతే, కట్టలో ముదురు కాడలు గుచ్చితే చాలు, తడి ఉంటే నీడ లెక్కచేయదు. దాన్ని కొంటే డబ్బు దండగ. అయితే ఊళ్లో కాలవ గట్ల మీద ఎగబడి పెరుగుతోంది కదా అని ఏలూరు కాలవ దగ్గరో రైవస్ కాలవ దగ్గరో కోసుకురాకండి, ఆ నీళ్లలో ఏమేం కలుస్తున్నాయో రోజూ వంతెన మీద ముక్కు మూసుకుని వెళ్తున్న మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

తీగ బచ్చలి నీడలో ఇంకా బాగుంటుంది అంటే నమ్మలేదు. ఎండలో పెరిగిన దాని ఆకు చిన్నగా దళసరిగా ఉంటుంది, మా పెరట్లో అరచేయి దాటిన ఆకులు, పల్చగా లేతగా. కాడ మాత్రం అంత బలంగా ఉండదు, తాడు కట్టాలి. దాని పక్కనే కంద పెట్టించాం. కంద గురించి ఈ నర్సరీలో ఎవరికీ పట్టింపు లేదు, "అది ఎవరు కొంటారు మేడం" అన్నారు. రైతు బజార్లో మొలక ఉన్న కంద ముక్క తెచ్చి పెద్ద గ్రో బ్యాగులో పెట్టాం. మన వైపు ఎక్కువగా పండించే గజేంద్ర రకమైతే దురద తక్కువ. గొడుగులా ఒకే కాడ లేచి విచ్చుకుంటుంది, మధ్యాహ్నం ఎండ రెండు గంటలు పడినా తట్టుకుంటుంది, ఎనిమిది నెలలు ఓపిక పట్టాలి. పొలంలో పండినంత దుంప రాదు. మా ఇంటికి సరిపడా వచ్చింది, అదే పెరటి బచ్చలి కోసి, ఆవ పెట్టి, కందబచ్చలి కూర చేశారు అత్తయ్యగారు. ప్యాకేజీ మొత్తం మీద ఆవిడ మెచ్చుకున్నది ఈ ఒక్కదాన్నే, అది కూడా సగం మేం కొన్నదే.

పసుపు, అల్లం నీడకి సరిపోతాయి, నర్సరీ వాళ్లూ సరిగ్గానే చెప్పారు, కానీ డిసెంబరులో కుండీలో మొలిచిన పసుపు అని అమ్మడం ఏమిటో అర్థం కాలేదు. పసుపు మే జూన్‌లో నాటితే సంక్రాంతి తర్వాత ఆకులు ఎండి దుంప తయారవుతుంది. డిసెంబరులో కొన్నది ఆకు వాలిపోయి నెల తిరక్కుండా పడుకుంది. "చచ్చిపోయింది, మార్చండి" అంటే మార్చారు, పాపం. నిజానికి అది చావలేదు, మట్టి కింద దుంప ఉంది, వానలకి మళ్లీ లేచింది. కాబట్టి మాకు రెండొచ్చాయి. మీకు పసుపే కావాలంటే దుగ్గిరాల, కొల్లిపర వైపు బంధువులెవరైనా ఉంటే విత్తనం కొమ్ములు అడిగి తెప్పించుకోండి, నర్సరీ కుండీ ధరకి సంచెడు వస్తాయి. అల్లానికి మాత్రం మట్టి తేలిగ్గా ఉండాలి, తడి ఎక్కువైతే దుంప కుళ్లు వస్తుంది. మాకు వచ్చింది.

ఇప్పుడు చేమ సంగతి. ఇది కోపంగా రాస్తున్నాను. "చేమ మొక్కలు, ఆకు పులుసుకి బాగుంటాయి" అని మూడు కుండీలు ఇచ్చారు. నాలుగు ఆకులు విచ్చుకున్నాక అత్తయ్యగారు చూసి "ఇది చేమ కాదే, షోకు మొక్క" అన్నారు. ఆకు నున్నగా, ప్లాస్టిక్ లాగా మెరుస్తోంది, ఆకు కొన పైకి చూస్తోంది. తినే చేమ ఆకు మెరవదు, నీటి చుక్క వేస్తే అంటకుండా ముత్యంలా దొర్లిపోతుంది, కాడ వచ్చి ఆకు చీలిక దగ్గర కాకుండా కొంచెం లోపలికి, అడుగు భాగాన అతుకుతుంది, ఆకు కొన నేలవైపు వాలి ఉంటుంది. ఈ గుర్తులు కూడా నూటికి నూరుపాళ్లు నమ్మకండి, ఈ కుటుంబంలో ఒకదాన్ని పోలిన మొక్కలు చాలా ఉన్నాయి. వాటిలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, మామూలు చేమలోనూ ఉంటాయి, బాగా ఉడికించి చింతపండు వేస్తే అది తినేలా అవుతుంది, అలంకారానికి పెంచే జాతుల్లో ఎంత ఉడికించినా పోదు, నోరు గొంతు వాచిపోవచ్చు. ఫోన్ చేసి చెప్తే "రెండూ ఒకటే మేడం, ఫ్యామిలీ ఒకటే" అన్నాడు యజమాని. ఇంట్లో చిన్నపిల్లలు ఉండి, పెద్దవాళ్లెవరూ గుర్తుపట్టకపోయి ఉంటే? ఒక స్టారు ఇక్కడే పోయింది. కూర మొక్కలు అమ్మేవాళ్లకి తినేదేదో తినకూడనిదేదో తెలియకపోవడం చిన్న విషయం కాదు. చేమ కావాలంటే బజార్లో కూరకి అమ్మే చేమదుంప మొలకెత్తింది చూసి పాతండి, అనుమానమే ఉండదు.

ఇలాంటిదే ఇంకోటి, మల్టీ విటమిన్ మొక్క అని ఒకటి అంటగట్టారు. చెక్కుర్మనిస్ అంటారు, దీన్ని కేరళలో, తమిళనాడులో వండుకుంటారు, నీడలో చక్కగా పెరుగుతుంది, పప్పులో వేస్తే బాగుంది కూడా. కానీ "పొద్దున్నే పది ఆకులు పచ్చిగా నమిలితే, జ్యూస్ తాగితే షుగర్ బీపీ అన్నీ పోతాయి" అని చెప్పి అమ్ముతున్నారు. 1990ల్లో తైవాన్‌లో బరువు తగ్గడానికి దీని పచ్చి రసం రోజూ తాగినవాళ్లలో చాలామందికి ఊపిరితిత్తులు తిరిగి బాగుపడనంతగా దెబ్బతిన్నాయి, కొందరు చనిపోయారు. ఎప్పుడైనా గుప్పెడు ఆకు వండుకుని తినండి, జ్యూస్ మాట ఎత్తితే లేచి వచ్చేయండి.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. సరస్వతి ఆకు పాకుతోంది, పచ్చడికి బాగుంది. వాము ఆకు వెలుగున్న మూల పెడితే బజ్జీలకి సరిపడా ఇస్తుంది, నీళ్లు ఎక్కువైతే కుళ్లుతుంది. కొత్తిమీరకి నర్సరీ అక్కర్లేదు, వంటింట్లో ధనియాలు నలిపి రెండు బద్దలు చేసి చల్లండి. మేడ మీద తోటలున్న మా స్నేహితులకి ఏప్రిల్ మే నెలల్లో కొత్తిమీర రాదు, మాకు నెట్ కింద వస్తుంది, ఆ రెండు నెలలు మేమే వాళ్లకి పంపిస్తాం. కరివేపాకు బతికే ఉంది గానీ సన్నగా, ఒకటే పుల్లలా, దాన్ని తీసుకెళ్లి వీధి వైపు పెట్టేశాం. మిరియం మొక్క, తీగ కాకుండా పొదలా పెరిగేది, 250 రూపాయలు. అరకులో కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకి పెరిగే మిరియం ఇదే కదా, నీడ దానికి ఇష్టమే, మన వేడిగాలి ఇష్టం లేదు. మేలో రోజుకి రెండుసార్లు ఆకుల మీద నీళ్లు చల్లి కాపాడాం. నాలుగు గుత్తులు వేసింది. సరదాకి అయితే కొనండి, చారులోకి మిరియాలు అవుతాయని కొనకండి.

మట్టి గురించి. వాళ్లు కలిపి తెచ్చేదాంట్లో కొబ్బరి పొట్టు సగానికి పైనే ఉంటుంది. మేడ మీద ఎండలో అది మంచిదే, తడి పట్టి ఉంచుతుంది. నీడలో అదే శాపం. మా కుండీలు పైన ఆరినట్టు కనిపించేవి, వేలు గుచ్చితే లోపల చిత్తడి. దానికి తోడు టైమరు పెట్టి రోజూ పొద్దునా సాయంత్రం నీళ్లు! చలికాలంలో నీడ పెరటికి రోజూ నీళ్లు అక్కర్లేదు, మూడు నాలుగు రోజులకోసారి కూడా ఎక్కువే కొన్నిటికి. అల్లం కుళ్లింది అందుకే, చిన్న చిన్న నల్ల ఈగలు మూగాయి అందుకే, దోమలు సరేసరి, డెంగ్యూ భయం ఒకటి. టైమరు తీసి అటకెక్కించాం. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమంగా కలిపి కొబ్బరి పొట్టు గుప్పెడు మాత్రం వేస్తే సరిపోతుందని చెప్పింది ఎవరో తెలుసా, మొక్కలు సర్దడానికి వచ్చిన కుర్రాడు.

ఆ కుర్రాడిది కడియం పక్క ఊరు. మొక్కలూ అక్కడి నుంచే లారీల్లో వస్తాయట. సూపర్‌వైజర్ లేనప్పుడు తను చెప్పినవన్నీ నిజాలే. "అమ్మా, ఈ మొక్కల వేరు ముద్ద బంకమట్టండి, అలాగే పెడితే పైన పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి, ముద్ద లోపల పొడిగానే ఉంటది, బకెట్ నీళ్లలో ముంచి కాస్త విడదీసి పెట్టుకోండి" అన్నాడు. అలా విడదీసి పెట్టినవి ఒక్కటి కూడా పోలేదు. కవర్ చింపి ముద్దలాగే పెట్టినవాటిలో రెండు పోయాయి. గ్రీన్ నెట్ కూడా శాశ్వతంగా కట్టకుండా హుక్కులు పెట్టి ఏప్రిల్ నుంచి జూన్ చివరి దాకా మాత్రం వేసుకోమన్నాడు. ఏడాది పొడుగునా కడితే ఉన్న కాస్త వెలుగులో సగం పైగా అదే తినేస్తుంది. మాకు 75 శాతం వెలుగుని ఆపే నెట్ అమ్మారు, 50 శాతంది చాలు. అతని పేరు రాయను, యజమాని కంటపడితే ఉద్యోగానికి ఎసరు.

నీడ పెరటికి ఇంకో ఖర్చు లేని వైద్యం ఉంది, ప్యాకేజీలో ఎవరూ చెప్పరు, అమ్మడానికి ఏమీ లేదు కాబట్టి. ఎదురు గోడకి తెల్ల సున్నం కొట్టించండి. మా ప్రహరీ గోడ పాచిపట్టి నల్లగా ఉండేది, సున్నం వేశాక మధ్యాహ్నం పెరట్లోకి వెళ్తే కళ్లు చికిలించాల్సి వస్తోంది. బచ్చలి, పుదీనా రెండూ గోడ వైపుకి తిరిగి వాలడం మొదలుపెట్టాయి, వెలుగు ఎటు నుంచి వస్తోందో వాటికి తెలుసు.

సర్వీసు సంగతికి వస్తే, మొక్కలు మార్చమంటే గొణుగుతూనే మార్చారు, ఆ మాట మీద నిలబడ్డారు. ఫోన్ ఎత్తుతారు. చేమ పేరుతో ఇచ్చిన మొక్కలకి డబ్బులు తిరిగి అడిగాను, ఇవ్వలేదు, బదులు తీసుకెళ్లమన్నారు, రెండు తమలపాకు తీగలు తెచ్చుకున్నాను. పిండినల్లి పడితే మందు కొట్టడానికి మనిషిని పంపిస్తామన్నారు, ఆకు కూరల మీద ఆ మందు ఏమిటో చెప్పమంటే "ఆర్గానిక్ మేడం" తప్ప ఇంకో మాట రాలేదు, వద్దన్నాం. లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్లు వేపనూనె, రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి సాయంత్రం పూట మేమే కొట్టుకుంటున్నాం, సరిపోతోంది. నత్తలకి మాత్రం అది పనిచేయదు, రాత్రి టార్చి పట్టుకుని ఏరడమే. వానాకాలంలో మా అబ్బాయికి అదో ఆట.

మీరు వెళ్లదలిస్తే ప్యాకేజీ తీసుకోకండి. మృగశిర కార్తె దాటి రెండు వానలు పడ్డాక వెళ్లి తమలపాకు, సరస్వతి ఆకు, వాము ఆకు, కావాలంటే మిరియం విడిగా కొనుక్కోండి. కంద, చేమ, పొన్నగంటి, పుదీనా రైతు బజారు నుంచి. కుండీలు మాత్రం అక్కడ నిజంగా చవక, సిమెంటువి కాకుండా బరువు లేనివి తీసుకోండి, ఎండ వెంట అటూ ఇటూ జరపాలి కదా. బేరం ఆడితే పదికి ఒకటి తగ్గిస్తారు, ట్రాలీ ఆటో ఛార్జీ మాత్రం ముందే మాట్లాడుకోండి, బిల్లులో అది విడిగా వేసి ఇంటి దగ్గర డ్రైవరు మళ్లీ అడుగుతాడు.